గిజెలా చూడని గెంతు

సంత బజారు నడిమధ్యన చెక్కబాట పరిచి, దాని చివర ఇల్లంత పరుపు వేసి, వైన్ తాగే జనం మధ్యలో కర్ర ఊతంగా కమ్మీ మీంచి ఎగిరే పోల్ వాల్ట్ పోటీలు పెట్టే ఊళ్లు జర్మనీలో చాలానే ఉన్నాయి. కానీ నోటి దురుసులో మా నీడర్‌ఐష్‌ని కొట్టే ఊరు లేదు. చప్పట్లూ మావే, సూటిపోటి మాటలూ మావే. ఆ శనివారం సాయంత్రం ఊరి నోళ్లన్నీ మా ఊరి పిల్ల స్వెన్యా మీదే పడ్డాయి.

"ఏమ్మా స్వెన్యా, ఇవాళ కూడా పరుగు పందెమేనా? దానికి ఆ కర్రెందుకే, బరువు కాకపోతే!" అని అరిచాడు సాసేజ్ బండి హైనర్. జనం గొల్లుమన్నారు.

గిజెలాకి ఒళ్లు మండింది. స్వెన్యా చేతికి మొదట కర్ర ఇచ్చింది ఆవిడే. బళ్లో వ్యాయామం టీచరుగా ఉన్న రోజుల్లో, కసరత్తు దూలం మీంచి పడి కూడా ఏడవకుండా మళ్లీ ఎక్కిన పదేళ్ల పిల్లని చూసి, "ఇది నేల మీద ఉండే రకం కాదు" అనుకుంది. అన్నట్టే ఆ పిల్ల దేశంలో రెండో స్థానానికి ఎదిగింది, యూరప్ పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లింది, పాదం విరిగి ఒక ఒలింపిక్స్‌ని సోఫాలో కూర్చుని టీవీలో చూసింది. ఇన్నేళ్లలో ఆ పిల్ల గెంతు ఒక్కటి కూడా గిజెలా చూడకుండా పోలేదు. సొంత చెల్లెలి పెళ్లి విందు వదిలేసి మరీ వచ్చి చూసింది. చెల్లెలు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

పోయిన శీతాకాలం సాధనలో కర్ర నడిమికి విరిగింది. స్వెన్యా పరుపు మీద పడి బతికిపోయింది. విరిగిన ముక్క మాత్రం ఎగిరొచ్చి పక్కనే నిలబడ్డ గిజెలా కుడి భుజాన్ని కొట్టింది. డాక్టర్లు కోసి, లోపల రేకు పెట్టి కుట్టారు. ఇప్పుడా చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. తల దువ్వుకోవడమూ ఎడమచేత్తోనే.

ఆ రోజు నుంచీ స్వెన్యా పరుగెత్తుతోంది, అంతే. చివరి అడుగు దగ్గర కాలు నేలని వదలదు. పడిపోతానని భయం పట్టుకుంది పాపం అన్నారు అంతా. గిజెలా కూడా అదే నమ్మి బుజ్జగించింది, తిట్టింది, బతిమాలింది. ఏం చేసినా లాభం లేకపోయింది. ఆ పొద్దున స్వెన్యా తెగేసి చెప్పింది.

"ఇవాళ ఎగిరితే ఎగిరినట్టు గిజెలా. లేదంటే కర్రలన్నీ క్లబ్బు పిల్లలకిచ్చేస్తా. ఇంక నన్ను అడగొద్దు."

అడ్డకమ్మీ నాలుగు మీటర్ల దగ్గర పెట్టారు. ఒకప్పుడు స్వెన్యాకి అది లెక్కలోది కాదు. గిజెలా ఎప్పట్లాగే గెంతే చోటుకి సరిగ్గా పక్కగా, జనాన్ని ఆపే తాడు పట్టుకుని నిలబడింది.

"ఇవాళైనా కొంచెం వెనక్కి జరగవా?" అంది స్వెన్యా.

"ఎందుకే? ఇక్కణ్ణించైతేనే నీ కాలు కనిపిస్తుంది."

స్వెన్యా పెదవి కొరుక్కుని పరుగెత్తింది. చెక్కలు దడదడలాడాయి. చివరికొచ్చేసరికి కర్ర వాల్చేసి పరుపు దాకా వెళ్లిపోయింది. తప్పిందని ఎర్రజెండా లేచింది.

"చెప్పానా, పరుగు పందెమని!" హైనర్ గొంతు మళ్లీ లేచింది.

రెండోసారి గిజెలా ఆ పిల్ల కాళ్ల వంక కాకుండా మొహంలోకి చూసింది. స్వెన్యా చూపు కమ్మీ మీద లేదు, కర్ర దిగాల్సిన గుంట మీదా లేదు. పరుగెత్తుతూ పరుగెత్తుతూనే ఆ కళ్లు పక్కకి తిరిగి గిజెలా కుడి భుజం మీద వాలాయి. అంతే, కాలు నేలని వదల్లేదు, మళ్లీ పరుపు దాకా పరుగే. రెండో ఎర్రజెండా.

ఎంత మొద్దుబుర్ర నాది, అనుకుంది గిజెలా. ఈ పిచ్చిపిల్ల తన ఒంటి కోసం కాదు భయపడేది. ఇన్నాళ్లూ వెనక్కి జరగమని మొత్తుకుంటుంటే, నేనేమో ఇంకా దగ్గరికెళ్లి నించున్నాను!

మూడు అవకాశాల్లో ఇంక ఒక్కటే మిగిలింది. గిజెలా మారు మాట్లాడకుండా తాడు వదిలేసి, జనాన్ని తోసుకుంటూ బజారు అవతలున్న సాసేజ్ బండి దగ్గరికి పోయింది. చెక్కబాటకి వీపు పెట్టి నిలబడింది.

"అదేంటమ్మా, నీ పిల్ల గెంతబోతుంటే ఇక్కడికొచ్చావ్?" హైనర్ నోరు తెరిచాడు.

"ఆకలేసింది. ఒక సాసేజ్ ఇవ్వు. ఆవ దండిగా వెయ్యి."

"నీకోసం వెతుకుతోంది ఆ పిల్ల. అటూ ఇటూ చూస్తోంది. టైం అయిపోతోందమ్మా! ఆఁ... కనబడ్డావ్. ఇటే చూస్తోంది."

గిజెలా వెనక్కి తిరగలేదు. సాసేజ్‌ని కుడిచేతిలోకి తీసుకుని, ఆ చెయ్యి లేచినంత మేర, భుజం దాకా ఎత్తి చూపించింది. మెడ తిప్పుదామని ప్రాణం కొట్టుకుంది. పళ్లు బిగపట్టింది.

"ఏం చేస్తోంది?" అంది నెమ్మదిగా.

"నవ్వుతోందో ఏడుస్తోందో తెలియట్లేదు. కర్ర ఎత్తింది."

"ఇంక నోరు మూసుకో హైనర్. విననీ."

చెక్కల మీద అడుగులు మొదలయ్యాయి. మెల్లగా, తర్వాత జోరుగా, తర్వాత ఒకటే దడదడ. ఎగరకుండా పరుగెత్తిపోతే ఆ చప్పుడు పరుపు దాకా సాగుతుంది. ఇన్ని నెలలూ గిజెలా చెవుల్లో మోగింది ఆ చప్పుడే.

టక్కుమని అడుగుల చప్పుడు ఆగిపోయింది.

హైనర్ పట్టకారు గాల్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత పరుపు ధబ్బుమంది, దాని వెంటే ఊరు ఊరంతా అరిచింది. హైనర్ అందరికంటే గట్టిగా అరిచి, సాసేజ్‌లు మాడబెట్టాడు.

స్వెన్యా జనంలోంచి పరుగెత్తుకొచ్చింది. కర్ర పట్టు కోసం పూసుకున్న తెల్లపొడి మొహం నిండా అంటుకుని ఉంది.

"చూశావా?"

"లేదు."

"ఒక్కసారి కూడా తిరగలేదా?"

"చూస్తే ఎగిరేదానివా నువ్వు?"

స్వెన్యా ఇన్ని నెలల్లో చూసినప్పుడల్లా వణికిన ఆ కుడి భుజం మీద నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. గిజెలా కూడా ఏడ్చింది, దాచుకోలేదు.

"కమ్మీ ఊగిందా?" అని అడిగింది గిజెలా, కళ్లు తుడుచుకుని.

"చెక్కు చెదరలేదు."

"అయితే పో, ఇంకాస్త పైకి పెట్టించు. హైనర్, ఇంకో సాసేజ్ కాల్చవయ్యా, ఈసారి మాడ్చకుండా. నేనిక్కడే ఉంటాను."