కుడి మలుపులో శబ్దం

“టార్చి కొంచెం ఎడమకి. ఎడమంటే నా ఎడమ, నీ ఎడమ కాదు.”

కారు కింద వెల్లకిలా పడుకున్న మనిషికి ఎడమ ఎటో, పక్కన గొంతుక్కూర్చున్న మనిషికి తెలియాలంటే అభ్యాసం కావాలి. నాకు నాలుగు నెలల్లో వచ్చేసింది. ఆదివారం పొద్దున్న వంటిల్లు సర్దుకుని నేను గ్యారేజీలోకి వెళ్ళేసరికి కారు సగం ఎత్తుకి లేచి ఉంటుంది. నా చేతికి టార్చి వస్తుంది. నాకు కనిపించేవి ఆయన మోకాళ్ళు, అరిగిపోయిన ఇంటి చెప్పులు. వెలుతురు ఎక్కడ పడుతోందో అది ఆయనకి మాత్రమే కనిపిస్తుంది.

ఆ లిఫ్టు ఆయన ముచ్చటపడి తెప్పించుకున్నది. వర్క్‌షాపుల్లో నేలలో పాతిపెట్టి ఉండే రకం కాదు. ఇనప కత్తెరలా మడతపడి నేలకి అతుక్కుని ఉంటుంది. దాని మీదకి కారు ఎక్కించి, నాలుగు రబ్బరు దిమ్మలు సరైన చోట పెట్టి, మీట నొక్కితే నడుం ఎత్తుకి లేపుతుంది. పక్కనే చక్రాల బండి మీద మోటారు, దానికో నూనె పైపు. “ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కెళ్ళొచ్చు,” అని వచ్చిన ప్రతి స్నేహితుడికీ చెప్తారు. ఇంతవరకూ గోడ పక్క నుంచి జానెడు కూడా కదపలేదు. ఆయన ఏసీలు అమ్మే కంపెనీలో సేల్స్ మేనేజరు. ఏ యంత్రం గురించైనా దాని మూత తీయకుండా అరగంట మాట్లాడగలరు. స్నేహితులు చూడ్డానికి వచ్చినప్పుడల్లా కారు లేపి చూపించడం ఆయన వంతు, కాఫీ నా వంతు. ఒకసారి కాఫీ ఇస్తూ, “అది పళ్ళ మీద కూర్చోలేదండీ,” అన్నాను. అందరూ నా వైపు తిరిగారు.

“పళ్ళేంటి?” అన్నారాయన.

లిఫ్టు కాళ్ళకి రంపంలా ఇనప పళ్ళుంటాయి. కావలసిన ఎత్తుకి లేపాక కొంచెం కిందకి దించితే ఆ పళ్ళ మీద టక్కున కూర్చుంటుంది. అప్పుడు బరువు ఇనుము మోస్తుంది. అలా కూర్చోబెట్టకపోతే బరువంతా నూనె ఒత్తిడి మీదే ఉంటుంది. పైపు ఎక్కడైనా చిట్లిందంటే అంతే సంగతులు. లిఫ్టుతో వచ్చిన పుస్తకంలో ఇదంతా బొమ్మలతో సహా ఉంది. మా ఇంట్లో వాషింగ్ మెషీన్‌తో వచ్చినా, గోడ గడియారంతో వచ్చినా పుస్తకం చదివేది నేనే. పైగా నా ఉద్యోగం కూడా అదే. ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లన్నీ ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చేసే గదిలో పదహారేళ్ళుగా పని చేస్తున్నాను. చేరిన రోజు మా పెద్ద నర్సు నాకు చెప్పిన మొదటి మాట, “ఒత్తిడి ముల్లు ఎంత చూపించినా సరే అమ్మాయ్, తలుపు గొళ్ళెం నీ కంటితో చూడందే ముట్టుకోకు.”

“మోటారు పట్టుకునుంది కదా, పళ్ళెందుకు?” అన్నారాయన. స్నేహితులు నవ్వారు. నేను కప్పులు తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఆ తర్వాత నేనో పని మొదలుపెట్టాను. ఆదివారం కారు లేపి ఆయన పాత తువ్వాలు వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు, దించే మీట రెండు సెకన్లు నొక్కి లిఫ్టుని పళ్ళ మీద కూర్చోబెట్టేదాన్ని. ఆయన వచ్చి కింద దూరేవారు. పని అయ్యాక దించబోతే అది దిగేది కాదు. “ఇవాళ మొండికేసింది,” అనేవారు. “ఒకసారి పైకి లేపి, పళ్ళ పట్టు వదిలించి దించి చూడండి,” అనేదాన్ని. “నేనూ అదే అనుకుంటున్నా,” అనేవారు. మా సంసారంలో చాలా పనులు ఇలాగే జరుగుతాయి కనక ఇదేమంత వింతగా అనిపించలేదు నాకు.

వింతగా అనిపించింది శబ్దం. ఆ కారు రోజూ నడిపేది నేను. ఆయన్ని కంపెనీ వ్యాను తీసుకెళ్తుంది. ఆసుపత్రికీ, సరుకులకీ, వారానికి రెండుసార్లు అత్తయ్య మోకాలి వ్యాయామాలకీ నేనే. మూడు నెలల కిందట ఒకరోజు ఆసుపత్రి గేటు దగ్గర కుడి వైపు తిప్పుతుంటే టకటకటకమని, పళ్ళు కొరుకుతున్నట్టు వినిపించింది. తిన్నగా పోతే లేదు. ఎడమకి తిప్పితే లేదు. కుడికే. ఆ ఆదివారం ఆయనకి చెప్పాను. కారు లేపారు, కింద దూరారు, నేను టార్చి పట్టాను, చాలాసేపే పట్టాను. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, “బంగారంలా ఉంది. ఏమీ లేదు,” అన్నారు.

కానీ శబ్దం ఉంది. మళ్ళీ చెప్పాను. ఆయన ఒకసారి నడిపి చూసి, “ఏదీ?” అన్నారు. వెనక సీట్లో ఉన్న వాళ్ళమ్మని అడిగారు. అత్తయ్య కిటికీలోంచి చూస్తూ, “నాకేం వినపడలేదు నాయనా,” అన్నారు. తర్వాతి వారం స్నేహితుల ముందు, “కారు సర్వీసింగ్ అయింది, ఇక మా ఆవిడ చెవులకి చేయించాలి,” అన్నారు. ఆ నవ్వులో నేనూ కలిశాను. నవ్వకపోతే రోషం అంటారు.

మర్నాడు భోజనాల వేళ మా ఆసుపత్రిలోనే చెవుల పరీక్ష గదికి వెళ్ళాను. గాజు తలుపు పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. దూరంగా, పిట్టంత శబ్దాలు ఒక్కొక్కటే వచ్చేవి. అన్నిటికీ నొక్కాను. లేనివి కూడా నొక్కుతున్నానేమో అని మధ్యలో ఏడుపొచ్చింది. పరీక్ష చేసే అమ్మాయి కాగితం చూసి, “ఇరవై ఏళ్ళ పిల్ల చెవులు మేడమ్ మీవి. ఎందుకొచ్చారు అసలు?” అంది. కాగితం నా చేతిలో పెట్టి, నేను తేరుకునేదాకా ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకుని కూర్చుంది ఆ పిల్ల. ఆ మంచితనం నాకు చాలా రోజులు గుర్తుంది. కాగితం మాత్రం ఇంట్లో ఎవరికీ చూపించలేదు. చూపిస్తే, “చెవుల పరీక్షకి కూడా వెళ్ళొచ్చిందిరా!” అని ఇంకో జోకు తయారవుతుంది.

ఇక అప్పట్నించి కుడి మలుపులు మానేశాను. ఒక కుడి తిరగడానికి బదులు మూడు ఎడమలు తిరిగితే అదే రోడ్డులోకి వస్తాం. “ఇటెందుకమ్మాయ్?” అని అత్తయ్య మొదట్లో అడిగేవారు. “ట్రాఫిక్కండీ,” అనేదాన్ని. తర్వాత అడగడం మానేశారు. కొన్నాళ్ళకి నా చెవుల మీద నాకే అనుమానం మొదలైంది. కుడికి తిప్పడం లేదు కాబట్టి శబ్దం లేదు. శబ్దం లేదు కాబట్టి అసలు ఉండేదో లేదో తెలియదు.

ఈ మంగళవారం ఆ మూడో ఎడమ వీధిని మంచినీళ్ళ పైపుల కోసం తవ్వేశారు. గురువారం అత్తయ్యని తీసుకెళ్ళాలంటే వంతెన ఎక్కాలి. వంతెన మొదట్లోనే పొడుగాటి కుడి మలుపు, పక్కన లారీలు. ఉన్నది శబ్దమా, నా భ్రమా అన్నది బుధవారం సాయంత్రంలోగా తేల్చుకోవాలి. బుధవారం నాకు సెలవు.

ఆయన వెళ్ళాక గ్యారేజీ తలుపు తీశాను. కారుని లిఫ్టు మీదకి మెల్లగా పోనిచ్చాను. హ్యాండ్‌బ్రేకు వేసి దిగేసరికి వెనక కర్ర చప్పుడు.

“ఏం చేస్తున్నావు?” అత్తయ్య.

“కారు కింద చూద్దామనండీ.”

“వాడు ముట్టుకోవద్దన్నాడుగా.”

“అన్నారు.”

ఆవిడ కాసేపు నన్నూ కారునీ మార్చి మార్చి చూశారు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని గుమ్మం దగ్గర కూర్చుని చెయ్యి చాపారు. “ఆ పుస్తకం ఇలా ఇయ్యి. నువ్వు చెయ్యడం, చదవడం రెండూ ఎక్కడ చేస్తావు? కళ్ళజోడు ఉందిలే.”

పాఠం ఒప్పజెప్పించుకునే పంతులమ్మలా చదివారావిడ. “దిమ్మలు బొమ్మలో చూపించిన చోటే పెట్టవలెను. పెట్టావా?” “పెట్టానండీ.” “నాలుగూ?” “నాలుగూ.” “చక్రాలు నేల వదిలిన వెంటనే ఆపి, బండిని కదిపి చూడవలెను. కదుపు మరి!” భుజంతో నెట్టాను. కారు ఏమాత్రం చలించలేదు. మళ్ళీ మీట నొక్కాను. మోటారు గుర్రుమంది. పదకొండేళ్ళుగా లోపల కూర్చుని నడిపిన కారు నా కళ్ళ ముందు లేచింది, నెమ్మదిగా, ఎవరో పిలిస్తే లేస్తున్నట్టు. నడుం ఎత్తు వచ్చాక ఆపి, కాస్త దించాను. టక్. పళ్ళ మీద కూర్చుంది. రెండు వైపులా వంగి కంటితో చూసుకున్నాను.

“భయం లేదా?” అన్నారు అత్తయ్య.

“ఇప్పుడు లేదండీ.”

చిన్న పీట వేసుకుని, టార్చి నేనే పట్టుకుని, నాకు కావలసిన చోట వెలుతురు వేసుకున్నాను. ఎంత ఉందో అక్కడ! ఎండిన బురద, ఎప్పుడో ఇరుక్కున్న ఆకు, వేళ్ళంత లావు గొట్టాలు, ఏ గొట్టం ఎక్కడికి పోతోందో వేలితో తడుముతూ వెతుక్కున్నాను. కుడి ముందు చక్రం వెనక నల్లటి రబ్బరు తొడుగు, హార్మోనియం తిత్తిలా ముడతలు ముడతలుగా, శుభ్రంగా ఉంది. దాని లోపలుండే కీలే చక్రం తిరిగినప్పుడల్లా తిరుగుతుంది. లోపల గ్రీజు ఉంటుందని, తొడుగు చిరిగితే గ్రీజు పోయి కీలు అరుగుతుందని, అప్పుడు మలుపులో టకటకమంటుందని ఆ వారమే మా ఆసుపత్రి అంబులెన్స్ డ్రైవరు చెప్పాడు. కుడికి తిరిగేటప్పుడు బరువు పడేది ఎడమ చక్రం మీదని కూడా అన్నాడు. పీట ఎడమ ముందు చక్రం దగ్గరికి జరుపుకున్నాను.

అక్కడ చక్రం లోపలి అంచంతా గ్రీజు చిమ్మి ఉంది. తొడుగు మీద రబ్బరు కనపడలేదు. టేపు కనపడింది. వరసలు వరసలుగా చుట్టిన, మీగడ రంగు టేపు. గీతల టేపు.

అది ఆసుపత్రిలో మా గది టేపు. సామాన్ల మూటకి అంటిస్తాం, ఆవిరి తగిలితే దాని మీద గీతలు నల్లబడతాయి. తేదీ దాటిన చుట్టలు పారేస్తుంటే అడిగి తెచ్చుకుని వంటింటి డబ్బాలకి పేర్లు రాసి అంటిస్తుంటాను. సొరుగులో ఉంటుంది. కారు కింద ఆ గీతలు ఇంకా లేత రంగులోనే ఉన్నాయి. మా దగ్గర గీతలు నల్లబడని మూట వస్తే విప్పకుండానే వెనక్కి పంపేస్తాం. పని జరగలేదని దానర్థం.

శబ్దం గురించి చెప్పిన ఆ ఆదివారం చాలాసేపే పట్టాను టార్చి. ఈ టేపు చుట్టడానికి వెలుతురిచ్చింది నేను.

“ఏముంది?” అన్నారు అత్తయ్య. చెప్పాను. ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. “నేనూ విన్నానమ్మాయ్,” అన్నారు.

“ఏంటండీ?”

“ఆ చప్పుడు. నీ పక్కన కూర్చుంటే నా కాళ్ళ ముందే కదా వచ్చేది. వాడు అడిగితే లేదన్నాను. వాడి మొహం చూస్తే లేదనమని అడుగుతున్నట్టుంది.” కర్రతో నేల మీద ఏదో గీశారు. “వాడి నాన్నతో అలా అనీ అనీ అలవాటైపోయింది. తప్పే.”

ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు. మంచినీళ్ళు తెచ్చిస్తానన్నాను. “నేనే తెస్తా, నీ చేతులకి గ్రీజుంది,” అని కర్ర ఆనించుకుని లేచారు. మోకాలి నొప్పితో గ్లాసుడు నీళ్ళు ఒలకకుండా తెచ్చి, నా చేతులు మురికని తనే నోటికి అందించారు.

కారు దించలేదు. గురువారానికి టాక్సీ చెప్పాను. సాయంత్రం ఆరున్నరకి ఆయన వచ్చారు.

“ఎవరొచ్చారు? మెకానిక్కా?”

“మేమే,” అన్నారు అత్తయ్య.

“మేమంటే?”

“నేను చదివా, మీ ఆవిడ లేపింది.”

“బుద్ధుందా అమ్మా? మీద పడితే?”

“పడదు. పళ్ళ మీద కూర్చుంది. పదకొండో పేజీ, చూసుకో.”

ఏ చక్రమో నేనింకా చెప్పలేదు కానీ ఆయన చూపు తిన్నగా ఎడమ చక్రం దగ్గరికి పోయి ఆగింది. సంచీ కింద పెట్టారు.

“కంగారు పడతావని చెప్పలేదు,” అన్నారు. “లిఫ్టు వచ్చిన మొదటి వారం, ఆ తొడుగు పట్టీ బిగిద్దామని చూస్తుంటే స్క్రూడ్రైవరు జారింది. చిన్న చీలికే. మా స్నేహితులకి తెలిస్తే... నవ్వరూ? కొత్తది వేయిద్దామనే అనుకుంటున్నా.”

అంటే ఈ మూడు నెలలూ నా చెవుల్ని అందరికంటే గట్టిగా నమ్మిన మనిషి ఆయనే. అత్తయ్య కంటే, ఆ పరీక్ష చేసిన అమ్మాయి కంటే, నాకంటే కూడా. ఆయన్ని చూసి ఎవరూ నవ్వకూడదు కాబట్టి అందరూ నన్ను చూసి నవ్వేలా చేశారు. కోపం వస్తుందేమో అని ఎదురు చూశాను. వచ్చింది కానీ, దాని వెనకే ఇంకోటి వచ్చింది, పొద్దున్న పీట జరుపుకుంటూ ఒక్కో గొట్టం వెంట పోయినప్పుడు కలిగిన కుతూహలం లాంటిది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ నాకు చెవుడనో, మతిమరుపనో, అనుమానమనో అన్న సందర్భాలు ఒక్కొక్కటే వరసగా గుర్తొచ్చాయి. వాటి అడుగున ఏముందో నేనెప్పుడూ చూసింది లేదు.

“సరే,” అన్నాను. “ఇంకా ఏమేం ఉన్నాయండీ, నేను కంగారు పడతానని చెప్పనివి?”

దెప్పడానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. ఆవిడ ఈసారి చూపు పక్కకి తిప్పుకోలేదు.

నేను పీట మీద కూర్చున్నాను. ఆయన చెప్పడం అయ్యేదాకా కారు దించకూడదని అనుకున్నాను.