చుక్క చెవి జోలికి రావద్దు

ఫిల్మ్‌నగర్‌లో గీతిక చేతిలో పడ్డ ముఖానికి వయసు అక్కడితో ఆగిపోతుంది. సినిమా పోస్టర్ల స్టూడియోలో ఆమె పని ఫోటోలకు మెరుగులు దిద్దడం. హీరోగారి గడ్డం కింది మడత, హీరోయిన్ కళ్ల కింది నలుపు, విలన్ పళ్ల మధ్య సందు, ఏదైనా సరే, కంప్యూటర్ ముందు కూర్చుందంటే మాయం. ఓసారి ఒక నిర్మాత వాళ్ల నాన్నగారి ఫోటో దండ వేయడానికని ఇస్తే, ముక్కు మీది పులిపిరి కూడా తీసిపారేసింది. ఇంటిల్లిపాదీ ఆ ఫోటో ముందు నిలబడి "ఈయనెవరు?" అని తలలు గోక్కున్నారు. అయినా ఆవిడకు బుద్ధి రాలేదు. చేతికి పట్టిన అలవాటు అంత తేలిగ్గా పోతుందా?

అలాంటి మనిషిని వెతుక్కుంటూ మనోజ వచ్చింది, లోగో గీయించుకోవడానికి. మోతీనగర్‌లో రేకుల షెడ్లు కిరాయికి తీసుకుని, దెబ్బలు తగిలిన వీధికుక్కలను తెచ్చి సాకే సంఘం ఆమెది. ఆ సంఘానికి కొత్తగా ఓ వ్యాను వచ్చింది. దాని మీదికి బొమ్మ కావాలి.

"పంజా గుర్తు వద్దు బిడ్డా, లవ్ సింబల్ వద్దు. అందరియి గవే ఉంటయి. మా చుక్కను గియ్యి," అంది మనోజ.

చుక్క ఆ షెడ్లలోకి వచ్చిన మొదటి కుక్క. ఒళ్లంతా తెలుపు, ఎడమ కన్ను చుట్టూ మాత్రం నల్లటి మచ్చ. ఆటో కింద పడి బతికి బయటపడ్డాక తోక మధ్యలో వంకర పోయింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసిన వీధికుక్కకు చెవి కొన కాస్త కత్తిరిస్తారు, చూడగానే తెలియడం కోసం. ఆ కత్తిరింపు కూడా ఉంది చుక్కకు. క్షణం కుదురుగా ఉండే రకం కాదు. మనోజ ఫోన్‌లో ఎన్ని ఫోటోలున్నా ఒకదాంట్లో మూతి, ఇంకోదాంట్లో వెనక కాలు, అంతే. ఫోటో తీయడానికి షెడ్డుకు వెళ్లిన గీతిక బిస్కెట్లకు లొంగి మాత్రం బుద్ధిగా కూర్చుని నిండుగా ఒక ఫోటో దిగింది. దిగి, గీతిక ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది కూడా. అప్పుడే గీతిక మనసు పారేసుకుంది.

మనసు పారేసుకున్నందుకు ఇంకాస్త శ్రద్ధగా పనిచేసింది పాపం. తోక తిన్నగా అయింది. చెవి కొన మొలిచింది. కంటి మచ్చ చెరిగిపోయింది. గుండ్రటి లోగోలో చుక్క మొదటి సినిమాకు సంతకం చేసిన కథానాయికలా కూర్చుంది.

మనోజ బొమ్మను దగ్గరికి లాక్కుని చూసింది. "మస్తుంది గానీ, మా చుక్క లెక్క లేదు బిడ్డా."

"లోగో అన్నాక కళ్లకింపుగా ఉండాలి కదండీ మనోజక్కా," అంది గీతిక. తన పనికి వంక పెడితే ఆమెకు మాచెడ్డ ఉక్రోషం. ఆ బొమ్మే వ్యానుకు ఎక్కింది.

ఆదివారం ఫిల్మ్‌నగర్‌లో కుక్కలకు టీకాల క్యాంపు పెట్టారు. చుక్కనూ వెంట తెచ్చారు. పక్క వీధిలో ఎవరో హీరో పుట్టినరోజని అభిమానులు టపాసులు అంటించారు. మొదటి పేలుడుకే చుక్క మెడపట్టీ తెంపుకుని పరుగో పరుగు. సాయంత్రందాకా వెతికినా జాడ లేదు.

మర్నాడు స్టూడియోకు సెలవు పెట్టి గీతిక కూడా వ్యాను ఎక్కింది. మనోజ మైకు పట్టుకుంది. "గీ బండి మీది బొమ్మ చూడుండ్రి! గీ కుక్కనే తప్పిపోయింది! ఎవరికన్న కనవడితే చెప్పుండ్రి!"

జనం చూశారు, సాయం కూడా చేశారు. ఒకాయన జూబ్లీహిల్స్ బంగళా వాళ్ల లాబ్రడార్‌ను పట్టుకొచ్చి, ఆ బంగళా వాళ్లతో చీవాట్లు తిన్నాడు. ఇంకొకావిడ ఎవరిదో బొచ్చుకుక్కను చంకనెత్తుకుని వచ్చింది. చుక్క మాత్రం రాలేదు.

మధ్యాహ్నానికి మనోజ గొంతు బొంగురుపోయింది. బొమ్మ సంగతి మరిచిపోయి, ఏడుస్తూ గుర్తులు చెప్పడం మొదలుపెట్టింది. "తోక వంకర ఉంటది... చెవి కొన కత్తిరించి ఉంటది... ఎడమ కన్ను చుట్టూ నల్ల మచ్చ..."

పక్కన కూర్చున్న గీతికకు అప్పుడు తట్టింది. మనోజ చెబుతున్న గుర్తులన్నీ తను చెరిపేసినవే. బండి ఆపించి, దిగి, బొమ్మ వంక చూసింది. ఆ బొమ్మలోని కుక్కను ఆమే గుర్తుపట్టలేకపోయింది. చుక్కను తరిమింది టపాసులైతే, దొరక్కుండా చేసింది తనే. సిగ్గుతో ఏడుపొచ్చేసింది.

స్టూడియోకు పరుగెత్తి, ముట్టుకోని అసలు ఫోటోను పెద్దగా ప్రింటు తీసింది. లోగో మీద తన చేత్తోనే అంటించింది. బండి మళ్లీ కదిలి, పొద్దున తిరిగిన వీధుల్లోనే తిరగసాగింది. ఒక బంగళా ముందు వాచ్‌మన్ హనుమంతు రోడ్డుకు అడ్డంగా వచ్చి చెయ్యెత్తాడు.

"గీ కుక్కనా మేడం? నిన్నటి సంది నా కుర్చీ కిందనే పండుకుంటుంది. మీ బండి పొద్దుగాల నా ముంగట్నుంచే పోయింది. బొమ్మ జూసిన, దీన్ని జూసిన. గదేమో సినిమా కుక్క లెక్కుండె. ఇది గాదులే అనుకున్న."

కుర్చీ కింద నుంచి వంకర తోక ఒకటి టపటపా నేలను కొట్టింది. మనోజ రోడ్డు మీదే చతికిలబడి చుక్కను కావలించుకుంది. గీతికను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేదనిపించింది గీతికకు.

ఆ వారంలోనే కొత్త లోగో గీసింది. ఫైలు పంపిన కాసేపటికి యూసుఫ్‌గూడ స్టిక్కర్ల షాపు నుంచి బాబీ ఫోన్ చేశాడు.

"మేడం, మీ బొమ్మల కుక్క చెవి తెగినట్టుంది. తోక గూడ వంకరొచ్చింది. ఫికర్ చెయ్యకుండ్రి, నేనే జర సాఫ్ చేసి ఏస్త."

"బాబీ!" అని గీతిక పెట్టిన కేకకు స్టూడియో అంతా తలలు తిప్పింది. "ఆ చెవి జోలికి వెళ్లావంటే నీ చెవి కత్తిరిస్తాను!"