మూత మారిన పళ్లెం

నేను ఒక గాజు పళ్లేన్ని. అరచేయంత ఉంటాను, నెత్తిన ఒక గాజు మూత. నాలో మనుషులు తినరు, సూక్ష్మజీవులు తింటాయి. పశువైద్య కళాశాలలో పదేళ్లు పనిచేసి, అంచు పగిలాక విశాఖపట్నంలోని ఈ ప్రయోగశాలకు వచ్చాను. గాజుసామాను కడిగి, సూక్ష్మజీవుల మేతైన జెల్లీని మాలో పోసే పైడితల్లమ్మ నన్ను 'తొర్రిది' అంటుంది.

ఇక్కడ కుముదిని మేడమ్ చేసే పని చూసి నిర్ఘాంతపోయాను. కోళ్లను చంపే ఒక సూక్ష్మజీవిని తెచ్చి, దాని కోరలు పీకి, కోళ్లకే వచ్చే కొక్కెర తెగులు వైరస్‌లోని ఒక ముక్కను దానిచేత మోయిస్తోంది. అది కోడిపిల్ల కడుపులోకి వెళ్తే, పిల్లకు రెండు జబ్బులనూ ఎదిరించే బలం వస్తుందట. పగవాడి మూట ఇంకో పగవాడి నెత్తిన పెట్టడం మనుషులకే చెల్లు!

చిక్కు ఒక్కటే. సూక్ష్మజీవులను చంపే ఒక మందు ఉంది. దాన్ని తట్టుకునే శక్తినీ ఆ మూటలోనే కట్టారు. మందు ఉన్నచోట మూట మోసేవే బతుకుతాయి. మందు లేకపోతే, ఈ బరువు మనకెందుకని దింపేసుకోవచ్చు. కోడి కడుపులో మందు ఉండదు కదా! అందుకని పది రోజులు మందు లేకుండా పెంచి, ఆ జీవులను రెండు పళ్లేలలో చల్లారు. మందు కలిపిన జెల్లీ నాలో, కలపనిది పక్కదానిలో. జీవులు బతికి నాలో చుక్కలుగా మొలిస్తే మూట నిలిచినట్టు. అప్పుడు ఆ రోజే మూడొందల కోడిపిల్లలకు టీకా పట్టిస్తారు.

జెల్లీ పోయగానే, మందుదని గుర్తుగా సహాయకుడు ఫణీంద్ర ఎర్రగీత పెట్టాడు. పెట్టింది నా మూత మీద, నా మీద కాదు.

పొద్దున తీసి చూస్తే నా ఒడిలో ఒక్క చుక్క లేదు. పక్కదాని నిండా చుక్కలు. ఎర్రగీత మూతా దాని మీదే ఉంది!

"మేడమ్, నిలిచింది! రెండోదాన్లో చల్లడం మర్చిపోయినట్టున్నాను, అందుకే ఖాళీ" అని అరిచాడు ఫణీంద్ర. ఆరేళ్ల పని. మేడమ్ కళ్లు తుడుచుకుని, కోళ్లషెడ్డుకు చెప్పడానికి ఫోన్ తీసింది. నాకు నోరు లేదు.

గుడ్డ పట్టుకుని అటు వచ్చిన పైడితల్లమ్మ ఆగిపోయింది.

"అమ్మా, మందుది తొర్రిదాన్లో కదా పోసినాను! ఎర్రగీత దానిమీదకెలా ఎల్లిపోనాది?"

"నీకేం గుర్తుంటుంది పైడితల్లమ్మా?" ఫణీంద్ర నవ్వాడు.

"నువ్వు పుట్టకముందు కాణ్నుంచి తోముతున్నాను బాబూ. నా తొర్రిదాన్ని మర్సిపోతానా?" అని, అంతలోనే చేతిలోని గుడ్డ చూసుకుంది. "జెల్లీ ఆరబెట్టినప్పుడు మూతలకి చెమ్మ పట్టింది. రెండూ తీసి తుడిసినాను. మార్సి పెట్టేసినట్టున్నాను. తప్పు నాదేనమ్మా. పన్లోంచి తీసేస్తే తీసేయండి. పిల్లలకి మాత్రం అది పట్టించకండి."

మేడమ్ నన్ను వెలుగుకు ఎత్తి, తిప్పి తిప్పి చూసింది. ఏదీ మొలవని నన్ను ఎవరూ అంతసేపు చూడలేదు.

"ఇవాళ వద్దు" అంది ఫోన్‌లో. నన్ను బోర్లించి, నా అడుగున ఎర్రగీత గీసింది. "రేపు మళ్లీ జెల్లీ పొయ్యాలి, పెందలాడే రా" అంది పైడితల్లమ్మతో.

ఈసారి మేడమ్ తన చేత్తోనే చల్లింది. మళ్లీ ఖాళీగానే ఉన్నాను.

ఇప్పుడు ప్లాస్టిక్ పళ్లేలు వచ్చాయి. నేను మేడమ్ బల్ల మీద గుండుసూదులు దాస్తున్నాను. మేడమ్ ఇంకా ఆ మూటను గట్టిగా కట్టే ఉపాయం వెతుకుతూనే ఉంది. మందు భయం పోగానే బరువు దింపుకున్న ఆ జీవిని నేను తప్పుపట్టను. కానీ ఆ పొద్దున తప్పు బరువును నెత్తికెత్తుకోమని పైడితల్లమ్మను ఎవరు అడిగారు? ఎంత ఆలోచించినా నా ఆశ్చర్యం తీరదు.