పాత టైపింగు తెరుచుకున్న రోజు

పక్షవాతం వచ్చాక భుజంగరావు మాట ముద్దగా వచ్చేది. ఏం చెబుతున్నాడో ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కుడిచెయ్యి లేవదు. ఎడమచేత్తో రాస్తే గీతలే పడేవి. ఫోన్లో టైపు చేయబోతే వేలు వణికి పక్క అక్షరం మీద పడేది. విసుగొచ్చి ఫోన్ అవతల పెట్టేసేవాడు.

తెనాలి నుంచి వచ్చి, ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఏళ్ల తరబడి డీటీపీ సెంటరు నడిపిన మనిషి. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లికార్డులన్నీ ఆయన టైపు చేసినవే. కీబోర్డు వంక చూడకుండా కొట్టేవాడు. ఆయన వేళ్లకు అలవాటైన పాత తెలుగు సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరు కాలిపోయింది. దాని కాపీ ఉన్నా, కొత్త ల్యాప్‌టాప్‌లో అది ఎక్కడం లేదు.

భార్య కోటేశ్వరి ఈ సంగతి రమకు ఫోన్ చేసి చెప్పింది. రమ ఆ సెంటర్లోనే పని నేర్చుకుని, ఇప్పుడు ఆదిబట్లలో ఉద్యోగం చేస్తోంది. ఆదివారం పొద్దున్నే వచ్చేసింది.

"ఫికర్ చెయ్యకు ఆంటీ. ఈ ల్యాప్‌టాప్ లోపల్నే ఇంకో పాత కంప్యూటర్ లెక్క ఒకటి నడిపిస్త. సార్ సాఫ్ట్‌వేర్ అండ్ల పెడ్త."

అంతా సిద్ధం చేసి మొదలుపెట్టగానే ఆగిపోయింది. ఒక కంప్యూటర్లో ఇంకోటి నడిపే 'వర్చువలైజేషన్' ఆపి ఉందని తెర మీద సందేశం.

"ఏమైందే?" అంది కోటేశ్వరి.

"ఈ మిషన్‌ల ఆ సౌలత్ ఉన్నది ఆంటీ, బంద్ పెట్టి ఇచ్చిన్రు. విండోస్ లేవకముందే లోపలి సెట్టింగులల్లకు పోయి చాలూ చెయ్యాలె."

"ఉన్నది కూడా పోతుందేమోనమ్మా!"

"ఒక్క లైనే మారుస్త. మిగిలినవి ముట్ట."

ల్యాప్‌టాప్ ఆపి, మళ్లీ ఆన్ చేసి ఎఫ్2 నొక్కింది. నొక్కడం కాస్త ఆలస్యమై విండోస్ వచ్చేసింది. ఈసారి ఆన్ చేసిన క్షణం నుంచే టకటకా నొక్కుతూ కూర్చుంది. నీలం తెర వచ్చింది. అక్కడ మౌసు పనిచేయలేదు. బాణం మీటలతో ఒక్కో లైనూ దిగుతూ వెతికింది. కోటేశ్వరి భర్త భుజం గట్టిగా పట్టుకుంది.

"గిదిగో, దొరికింది!" అంది రమ. 'డిసేబుల్డ్' అని ఉన్నదాన్ని 'ఎనేబుల్డ్' చేసి సేవ్ కొట్టింది.

ఈసారి ఆగలేదు. తెర మధ్యలో చిన్న చట్రంలో పాత విండోస్ లేచింది. రమ అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, భుజంగరావు ముందు కీబోర్డు పెట్టింది.

ఆయన ఎడమచెయ్యి మీటల మీద ఆనించాడు. తర్వాత ఒక్కో మీటా నొక్కాడు. తెర మీద మాట పడింది: ఉప్మా వద్దు.

కోటేశ్వరికి నవ్వొచ్చింది. "అయ్యో రామా! మీరు తల అడ్డంగా ఊపుతుంటే ఉప్పు చాల్లేదనుకుని వేస్తున్నానండీ ఇన్నాళ్లూ!"

చేపల పులుసు.

"మా అమ్మ పొద్దుగాల్నే చెరువు కాడికెళ్లి చేపలు తెచ్చింది సార్. జరసేపట్ల పులుసు పంపిస్త," అంది రమ.

ఆయన ఇంకా కొడుతున్నాడు. నీ నడుం నొప్పి తగ్గిందా?

కోటేశ్వరి నవ్వు ఆగిపోయింది. ఆయన్ని లేపి కూర్చోబెట్టేటప్పుడు పట్టేసిన నడుం అది. ఎవరికీ చెప్పలేదు.

"మీకెలా తెలుసండీ?"

నిద్రలో మూలుగుతావు.

రమ టీ పెడతానని మెల్లగా వంటింట్లోకి వెళ్లింది. కోటేశ్వరి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. కళ్లు నిండి అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఉండండి, కళ్లజోడు తెచ్చుకుంటాను," అంటూ లేచింది.

ఆమె వచ్చేదాకా ఆయన ఆగలేదు, టైపు కొడుతూనే ఉన్నాడు.