రాళ్లు రువ్వడమనే మాట

శనివారం పొద్దున బంగాళదుంపల తొక్కు తీస్తున్నాను. ఆదివారం మా ఇళ్లలో కత్తి పట్టకూడదు. ప్రభువు దినాన పని ముట్టకూడదని నియమం కాబట్టి, ఆ రోజు పని కూడా ముందురోజే చేసుకుంటాం. చేసుకుంటాం అంటే ఆడవాళ్లం. మగవాళ్లకు రెండు రోజులూ విశ్రాంతే. పన్నెండో దుంప నీళ్లలో వేస్తుండగా చదువుల గదిలోంచి హార్మెన్ కేకేశాడు.

"ఫెనా, రేపటి ప్రసంగానికి ఆ రాళ్ల మాట చూశావా? మధ్యాహ్నం భోజనానికల్లా కావాలి నాకు."

హార్మెన్ నా భర్త, మా సంఘానికి పాస్టరు. మా తాతలు హాలండు నుంచి వచ్చి మిషిగన్ బురదనేలల్లో సెలెరీ ఆకుకూర పండించి ఈ ఊళ్లు కట్టారు. ఇరవయ్యారేళ్లుగా హార్మెన్ ప్రసంగాల్లోకి గ్రీకు నా చేతి మీదుగానే వెళుతోంది. మా నాన్న కాలేజీలో గ్రీకు పాఠాలు చెప్పేవాడు. కొడుకులు లేని లోటు నాతో తీర్చుకున్నాడు. పాస్టర్లని తయారుచేసే వేదాంత కళాశాలలో ఆడపిల్లలకి ప్రవేశం లేదు. హార్మెన్‌కి ఉంది. పరీక్షకి ముందు ఆర్నెల్లు అతను మా ఇంటి బల్ల దగ్గర కూర్చుని, నేను చెబుతుంటే క్రియాపదాలు వల్లె వేశాడు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు నన్ను కిందికీ పైకీ చూసి, "గ్రీకు వచ్చిన పిల్లట! బఠాణీల సూపు పెట్టడం వచ్చా?" అంది. అదీ నేర్చుకున్నాను. ఆదివారం బడి, ఆడవాళ్ల సమాజం, చావులకి హామ్ శాండ్‌విచ్‌లు, సంఘపత్రిక టైపు చేయడం, అన్నీ నేర్చుకున్నాను. పాస్టరుని పిలిస్తే ఇద్దరొస్తారని ప్రతి సంఘానికీ తెలుసు. పిలుపు ఉత్తరంలో మాత్రం ఒక్క పేరే ఉంటుంది.

చేతులు తుడుచుకుని పుస్తకాలు వంటింటి బల్ల మీద పరిచాను. లిథోబొలేయో. రాయి, విసరడం, రెండూ కలిసిన మాట. రాళ్లు రువ్వి చంపడం. సొంపూ లేదు, చాటూ లేదు. బైబిల్లో అది వచ్చిన ప్రతి చోటూ వెతికి కాగితం మీద రాసుకుంటూ పోయాను. ద్రాక్షతోట కౌలుదార్లు యజమాని పంపిన మనిషిని కొట్టారు. యెరూషలేము తన దగ్గరికి వచ్చిన వాళ్లని కొట్టింది. క్రీస్తుని నమ్మినందుకు స్తెఫనుని ఊరి బయటికి గెంటి కొట్టారు. అది ఒక్క వేటుతో అయిపోయిన పని కాదు, కొడుతూనే ఉన్నారు. ఎక్కడ చూసినా గుంపే, కాకపోతే ఊరే. ఒక మనిషి ఒంటరిగా ఈ పని చేసినట్టు నాకెక్కడా కనపడలేదు. ఏ రాయి ప్రాణం తీసిందో ఎవరికీ తెలియదు, కాబట్టి ఎవరికి వాళ్లు ఇంటికి వెళ్లి భోంచేయొచ్చు. అయితే పాత ధర్మశాస్త్రంలో ఒక్కరికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. సాక్షికి. చూశానని చెప్పిన మనిషి చెయ్యే ముందు లేవాలి. నా కలం అక్కడ ఆగిపోయింది.

ఎందుకంటే ఆర్లీన్‌ని చూసినదాన్ని నేనే. చర్చి వంటింట్లో సూపు విందు రోజున ఆ పిల్ల నడుముకి నేను ఏప్రన్ కట్టబోతే తాడు అందలేదు. పెళ్లికాని పందొమ్మిదేళ్ల పిల్ల, సెలెరీ కట్టలు కట్టే షెడ్డులో పని చేస్తుంది. నా కళ్లలోకి చూసి తల దించుకుంది. ఆ రోజు భోజనం దగ్గర హార్మెన్‌తో అన్నాను, "ఆర్లీన్ కోసం ప్రార్థన చేయాలి" అని. ఎందుకని అడిగితే చెప్పాను. నేను మొగుడికి చెప్పాననుకున్నాను. విన్నది పాస్టరు. సోమవారం పెద్దల సమావేశంలో పెట్టేశాడు. రేపు ఆరాధనలో ఆర్లీన్ లేచి నిలబడి, వ్యభిచారం కూడదనే ఏడో ఆజ్ఞ మీరానని అందరి ముందూ ఒప్పుకోవాలి. లేకపోతే రొట్టే ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు, బిడ్డకి బాప్తిస్మం ఇవ్వరు. ఆ కడుపుకి కారణమైనవాడు సంఘ పెద్ద బూర్స్మా గారి కొడుకు రోజర్. వాడు బాప్తిస్మం పొందాడు కానీ పెద్దయ్యాక సంఘం ముందు విశ్వాసం ఒప్పుకోలేదు. కాబట్టి పూర్తి సభ్యుడు కాదు, కాబట్టి నిలబెట్టే నియమం లేదు. పదిహేడేళ్లకే బుద్ధిగా ఒప్పుకున్నందుకు ఆర్లీన్ మాత్రం దొరికిపోయింది.

భోజనం దగ్గర హార్మెన్ నా కాగితాలు చదివాడు. గుంపు గురించి రాసిన చోటా, సాక్షి గురించి రాసిన చోటా పెన్సిలుతో గీత కొట్టాడు.

"ఇంత వివరం జనానికెందుకు? మన దగ్గర రాళ్లు లేవు, క్షమాపణే ఉంది అని చెప్పబోతున్నాను. ఆ పిల్లకీ ఊరటగా ఉంటుంది."

"ఊరట కావాలంటే నిలబెట్టకుండా ఉండొచ్చుగా."

"ఇది పెద్దల నిర్ణయం ఫెనా. నీకు గ్రీకు తెలుసు, సంఘాన్ని నడపడం వేరు" అన్నాడు, రొట్టెకి వెన్న రాసుకుంటూ. "అయినా నువ్వేగా చెప్పింది."

కోపంతో చెప్పలేదు. మామూలుగా చెప్పాడు. అందుకే ఎక్కువ కాలింది నాకు.

గిన్నెలు కడుగుతుంటే వెనక తలుపు దగ్గర ఆర్లీన్ నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఒక్కటి అడుగుదామని వచ్చానండీ. రేపు నేనెటు తిరగాలి? జనం వైపా, పాస్టరు గారి వైపా?"

"పాస్టరు గారి వైపే తల్లీ."

"అమ్మ రానంది. తల ఎత్తుకోలేనంటోంది. నా పక్కన ఇంకెవరైనా నిలబడొచ్చాండీ?"

అలాంటి పద్ధతి లేదని చెప్పాను. ఆ పిల్ల తలూపి, "థాంక్సండీ" అని వెళ్లిపోయింది. నాకే థాంక్స్ చెప్పింది. సబ్బునీళ్లలో చేతులుంచి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. సిగ్గేసింది నాకు, చెప్పలేనంత సిగ్గేసింది.

ఎందుకంటే ఆ సిగ్గు పాతది. మా పెళ్లి అయిదు వారాల్లో కుదిరింది. ఎందుకంత తొందరని ఎవరూ అడగలేదు, పాస్టరు కాబోయేవాడికి కొత్త సంఘం పిలుపు వచ్చింది కదా అనుకున్నారు. వల్లె వేసిన క్రియాపదాలన్నీ అయిపోయాక, మా నాన్న ఊళ్లో లేని రెండు రోజుల సంగతి మా ఇద్దరికే తెలుసు. పెళ్లయిన మూడో వారంలో నాకు కడుపు పోయింది. దుప్పటి నేనే ఉతికి, పెరట్లో కాకుండా అటక మీద ఆరేశాను. మంచం పక్కన కూర్చుని హార్మెన్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. "దేవుడే సర్దేశాడు ఫెనా" అన్నాడు. ఇరవయ్యారేళ్లు ఆ మాట మీదే కాపురం చేశాను. ఆ బిడ్డ ఆడో మగో కూడా తెలియదు. పేరు పెట్టుకోలేదు, ఎవరికీ చెప్పుకోలేదు, మళ్లీ పిల్లలు పుట్టలేదు. ఆ తర్వాత హార్మెన్ పదకొండుమంది ఆడపిల్లల్ని సంఘం ముందు నిలబెట్టాడు. పదకొండుసార్లూ నేను ముందు వరసలో, ప్రసంగం వేళ అందరూ చప్పరించే పిప్పరమెంటు చేతిగుడ్డలో చుట్టుకుని కూర్చున్నాను. స్తెఫనుని కొట్టినవాళ్లు చేతులు బాగా లేవాలని పైబట్టలు విప్పి ఒకడి కాళ్ల దగ్గర పెట్టారట. వాడు రాయి ముట్టలేదు. బట్టలకి కాపలా కాశాడంతే. ఆ కాపలా ఎంత శ్రద్ధగా కాయొచ్చో నాకు తెలుసు.

ఆదివారం చర్చి కిక్కిరిసి ఉంది. ఇలాంటి రోజుల్లో ఎవరికీ జలుబు రాదు. "ఈ వారం గ్రీకు మూలాన్ని పరిశీలిస్తుంటే నాకొకటి తట్టింది" అని మొదలుపెట్టాడు హార్మెన్. బూర్స్మా గారు మెచ్చుకోలుగా తలూపాడు. రోజర్ బాల్కనీలో స్నేహితులతో కూర్చున్నాడు. ప్రసంగం బాగుంది. గీత కొట్టగా మిగిలింది కూడా బాగానే రాశాను మరి. చివరికి హార్మెన్ ఒప్పుకోలు పుస్తకం తెరిచి ఆర్లీన్ పేరు పిలిచాడు. వెనక వరసలోంచి ఆ పిల్ల లేచి, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, నడిచొచ్చి పీఠం ముందు నిలబడింది.

నేను లేచాను. ముందేం అనుకుని లేవలేదని చెబితే అబద్ధం. ముందురోజు సబ్బునీళ్ల దగ్గర నుంచీ అనుకుంటూనే ఉన్నాను, కాళ్లు ఒప్పుకుంటాయో లేదో అనే భయం తప్ప. ఎనిమిది అడుగులు. బూర్స్మా గారు పక్క నుంచి, "కూర్చోండమ్మా, అంతా మిమ్మల్నే చూస్తున్నారు" అని గొణిగాడు. ఆర్లీన్ పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నాను. మంచులా చల్లగా ఉంది.

హార్మెన్ పుస్తకం మీదుగా వంగి, జనానికి వినపడకుండా, "ఏమిటిది ఫెనా? ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది. చదవండి పాస్టరు గారూ."

చదవక తప్పలేదు. ఏడో ఆజ్ఞ మీరి పాపం చేశానని దేవుని ముందూ ఈ సంఘం ముందూ ఒప్పుకుంటున్నావా అని అడిగాడు.

"ఒప్పుకుంటున్నాను" అంది ఆర్లీన్.

"నేనూ ఒప్పుకుంటున్నాను" అన్నాను, బాల్కనీ దాకా వినపడేలా. పిప్పరమెంటు కాగితాల చప్పుడు కూడా ఆగిపోయింది. హార్మెన్ పేజీ తిప్పబోయి ఆగి నన్ను చూశాడు. నేనూ కళ్లు దించకుండా చూస్తూ నిలబడ్డాను, అతని నోటి నుంచి రావలసిన మూడో జవాబు కోసం.