సోమవారం రాసిన ఓటు

డార్లీన్ కుచెరా సెనేటర్ అయిన ఆరేళ్లలో, ఓటు వేయకముందే వేసేశానని రాయడం ఆమెకు అలవాటైపోయింది. అందులో తప్పేదో ఉందని ఆమెకు ఒక్కసారీ అనిపించలేదు. మా నెబ్రాస్కా ఊళ్లలో పత్రికలన్నీ వారపత్రికలే. బుధవారం పొద్దున టపాలో వస్తాయి. బుధవారం చేతికి రావాలంటే మంగళవారం అచ్చు కావాలి, మంగళవారం అచ్చు కావాలంటే సోమవారం మధ్యాహ్నంలోగా మేటర్ అందాలి. రాజధాని లింకన్‌లో మా రాష్ట్ర శాసనసభ మాత్రం అసలు ఓట్లన్నీ మంగళ, బుధవారాల్లోనే పెట్టుకుంటుంది. అందుకని ‘డార్లీన్ మాట’ అనే ఆమె కాలమ్‌లో రేపు జరగబోయేదంతా నిన్ననే జరిగిపోయినట్టు ఉండేది. ‘ఇరుపక్షాల వాదనలూ ఓపిగ్గా విన్నాను. చివరికి మన జిల్లా మేలు కోరి అనుకూలంగా ఓటేశాను’ అని సోమవారం పొద్దున టోస్టు నములుతూ రాసి పంపేసేది. మంగళవారమో బుధవారమో సభకు వెళ్లి, రాసినట్టే ఓటేసేది. రాసిందీ చేసిందీ ఒకటే అయినప్పుడు ఏది ముందో ఎవరికి కావాలి?

ఆ వారం కూడా అలాగే రాసింది. అది అంబులెన్స్ బిల్లు. చిన్న ఊళ్లలో జీతం లేకుండా అంబులెన్స్ నడిపే జట్లకు కొత్త బండ్లకీ శిక్షణకీ రాష్ట్రం డబ్బు ఇస్తుంది. ఇంతకన్నా మంచి బిల్లు ఈ సమావేశాల్లో రాలేదని కాలమ్‌లో మెచ్చుకుంది, అనుకూలంగా ఓటేశానని రాసింది, పంపింది. మంగళవారం ఓటింగు. తీరా మంగళవారం పొద్దున ఒమాహా సెనేటర్ ఒకాయన ఇంకేదో బిల్లు మీద మాట్లాడటానికి లేచి సాయంత్రం దాకా కూర్చోలేదు. అంబులెన్స్ బిల్లు బుధవారానికి జరిగింది.

“అచ్చయిపోయింది మేడమ్. రేపు పొద్దున పేపరొచ్చేసరికి మీరింకా ఓటెయ్యరు,” అంది ఆమె ఆఫీసు చూసుకునే నోరీన్. నోరీన్‌కు ముగ్గురు సెనేటర్ల దగ్గర పనిచేసిన అనుభవం ఉంది. ఆమె దిగులుపడితే ఏదో కారణం ఉండే ఉంటుంది.

“రెండు గంటల తేడాకి కొంపలేం మునిగిపోవులే. ఓటు మారదుగా,” అంది డార్లీన్.

ఆ సాయంత్రం లింకన్‌లోని తన అద్దె గదిలో సలాడ్‌కు ఆకులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. లొరెట్టా నొవోట్నీ. సొంతూరు లిపాలో బడిపిల్లలకు వండిపెడుతుంది, ఊరి అంబులెన్స్ జట్టుకు పెద్ద. డార్లీన్ కంటే రెండు క్లాసులు వెనక చదివింది. డార్లీన్ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి గట్టు మీద ఆనించింది.

“ఏం డార్లీనూ, తిన్నావా? ఒక్క మాటడుగుదామని చేశా. ఆ బిల్లు వస్తే మా జట్టుకేమవుతుంది? మేం తొమ్మిదిమందిమే ఉన్నాం. ఎవరో పన్నెండని ఏదో అన్నారు.”

“ఏం కాదే లొరెట్టా. మీకు కొత్త బండొస్తుంది.”

“బండి సరే. మమ్మల్ని ఉంచుతారా అని. పోయిన నెల్లో మన ఊరి స్టాన్లీకి గుండె పట్టేస్తే తీసుకెళ్లింది మేమే కదా. జిల్లా ఆసుపత్రి నుంచి బండొచ్చేసరికి ఆయన ఉండేవాడా? చూస్తావా కాస్త?”

“చూస్తాను. నేనింకా ఏం తేల్చుకోలేదు. మీలాంటివాళ్లు చెప్పేది వినకుండా ఎలా ఓటేస్తాను?” అంది డార్లీన్. అనేశాక ఆకులు విదిలించి గిన్నెలో వేసుకుంది. ఆరేళ్లలో ఎన్నిసార్లు ఆ మాట అన్నదో, నోరు దానంతటదే అనేసింది. “థాంక్సే తల్లీ, నిశ్చింతగా పడుకుంటా,” అని లొరెట్టా పెట్టేసింది.

డార్లీన్‌కు మాత్రం నిశ్చింత లేకుండా పోయింది. పన్నెండు అన్న మాట చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. బిల్లు చదివింది కదా. చదివిందా? మొదట వచ్చినప్పుడు చదివింది. కమిటీ సవరణలు చేశాక నోరీన్ రాసిచ్చిన అరపేజీ చదివింది. ఆ అరపేజీలో పన్నెండు ఉందో లేదో ఎంత తలబాదుకున్నా గుర్తు రాలేదు.

మా సభలో ఒక పాత పద్ధతి ఉంది. ఆఖరి ఓటుకు ముందు గుమాస్తా బిల్లు మొత్తాన్ని మొదటినుంచి చివరిదాకా పైకి చదవాలి. చదువుతున్నంతసేపూ సెనేటర్లందరూ ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చోవాలి, కదలకూడదు. కూర్చుంటారు, వినరు. గుమాస్తా కూడా ఎవరూ వినరన్న ధీమాతో ఊపిరి తీసుకోకుండా చదివేస్తాడు. డార్లీన్ ఆ సమయంలో గళ్లనుడికట్టు నింపుతూ ఉండేది. బుధవారం మాత్రం పెన్ను మూసి పక్కన పెట్టింది. గుమాస్తా పెదవుల వంకే చూస్తూ, ఒక్కో మాటా పట్టుకోవడానికి ఒళ్లంతా చెవులు చేసుకుంది.

పట్టుకుంది. ‘శిక్షణ పొందిన సభ్యులు పన్నెండుమందికి తక్కువ ఉన్న జట్టు లైసెన్సును వచ్చే జూలైలోగా రద్దు చేయవలెను.’ ఆమె చదివిన మొదటి ప్రతిలో ఉన్నది ‘రద్దు చేయవచ్చు’. అది ఆమెకు బాగా గుర్తుంది, ఎందుకంటే చేయవచ్చంటే ఎవరు చేస్తారులే అనుకుని పేజీ తిప్పేసింది. ‘వచ్చు’ పోయి ‘వలెను’ వచ్చింది. మధ్యలో ఎప్పుడో, అరపేజీలో పట్టనంత చిన్నగా.

లిపాలో తొమ్మిదిమంది. పక్క ఊళ్లోనూ అంతే. జిల్లా ఆసుపత్రి నుంచి లిపాకు బండి రావాలంటే, మంచు లేని రోజున కూడా, గుండె ఆగినవాడు ఆగినట్టే.

చదవడానికీ ఓటింగుకూ మధ్య ఉన్న ఆ కాస్త గలాటాలో ఆమె వంగి, ముందు వరసలో ఉన్న బిల్లు కర్త రాస్ ఎల్వుడ్ భుజం తట్టింది. “రాస్, ఆ పన్నెండు సంగతేంటి? వెనక్కి పంపి మార్చుదాం.”

“ఇప్పుడా? నీకేమైనా పిచ్చా? వెనక్కి పోతే ఈ ఏటికి చచ్చినట్టే. పై ఏడు సరిచేద్దాంలే.”

“పై ఏడుకి మా ఊళ్లో అంబులెన్స్ ఉండదు.”

రాస్ నవ్వాడు. “అదేంటి డార్లీన్, ఇంతకన్నా మంచి బిల్లు రాలేదని నువ్వే రాశావుగా. మా అత్తగారిది మీ జిల్లాయే. పొద్దున్నే ఫోన్‌లో చదివి వినిపించింది. ఓటు కూడా వేసేశావటగా!”

ఆమె ఒళ్లో ఫోన్ వణికింది. గ్యాలరీలోంచి అంతా చూస్తున్న నోరీన్ మెసేజ్: ‘ఏ బటనూ నొక్కకండి. ఓటు వేయలేదని పడుతుంది అంతే. కాలమ్ తప్పయినా ఎవరూ పట్టించుకోరు.’ మంచి సలహాయే. మా సభలో చాలామంది చాలాసార్లు అలా గట్టెక్కారు. ఆకుపచ్చ నొక్కితే రాసిన మాట నిలబడుతుంది, జట్టు పోతుంది. ఎరుపు నొక్కితే జట్టు మిగులుతుందేమో, పద్నాలుగు ఊళ్ల పత్రికల్లో ఆమె అబద్ధాలకోరు అవుతుంది. మే నెలలో ఎన్నిక. స్పీకర్ ఓటింగు మొదలైందన్నాడు. బోర్డు మీద అందరి పేర్ల పక్కనా దీపాలు వెలుగుతున్నాయి. ఆమె పేరు ఒక్కటే ఖాళీగా ఉంది. రాస్ వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

ఎరుపు నొక్కింది.

బిల్లు ఒక్క ఓటుతో ఆగిపోయింది. రాస్ ఆమెతో మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయాడు. ఆమెకు సంతోషం కలగాల్సింది. కలగలేదు. శనివారం గుర్తొచ్చింది.

నెలకో శనివారం లిపాలోని కెఫేలో ‘సెనేటర్‌తో కాఫీ’ అని ఊరివాళ్లతో ముచ్చట ఉంటుంది. ఎవరైనా వచ్చి ఏదైనా అడగొచ్చు. శుక్రవారం ఇంటికి బయల్దేరేముందు నోరీన్ కారు కిటికీ దగ్గర నిలబడి చెప్పింది.

“పేపర్‌వాళ్ల పొరపాటనండి. మీ ఊరి పేపర్ నడిపే గస్‌కి నేను ఫోన్ చేసి చెప్తా. ఆయన కాదనడు, మీకు పాత స్నేహితుడు. ‘వ్యతిరేకంగా’ అన్నది ‘అనుకూలంగా’ అని పడిందంటే సరిపోతుంది.”

“మంచి బిల్లని అరపేజీ పొగిడాను కదా నోరీన్. అది కూడా అచ్చుతప్పేనా?”

“ఎవరు చదువుతారండీ అంతా?”

దారి పొడవునా ఆమె ఆ మాటనే పట్టుకుని వేలాడింది. ఎవరు చదువుతారు? అబ్బే, ఎవరూ చదవరు. మళ్లీ అంతలోనే, అందరూ చదువుతారు, మంగలి షాపులో, పాల కేంద్రంలో, చర్చి మెట్ల మీద. చదవాలనే కదా ఆరేళ్లుగా రాస్తోంది.

శనివారం కెఫే నిండిపోయింది. మామూలుగా అయితే వచ్చేది ఆరేడుగురు, అందులో ఇద్దరు ఉచితంగా ఇచ్చే కొలాచీ అనే తీపి బన్నుల కోసం. ఆ రోజు గోడ వెంబడి కూడా నిలబడ్డారు. పత్రిక నడిపే గస్ హోరాక్ కిటికీ దగ్గర, కప్పు ముందు పెట్టుకుని ఎటూ చూడకుండా కూర్చున్నాడు. నోరీన్ ఫోన్ చేసేసిందని అతని వాలకం చూస్తేనే తెలుస్తోంది. నింద తన మీద వేసుకోవడానికి సిద్ధపడి వచ్చాడు పాపం.

లొరెట్టా ముందు బల్ల దగ్గర పత్రిక మడిచి పెట్టుకుని ఉంది. పలకరింపులయ్యేదాకా కూడా ఆగలేదు.

“బిల్లు పోయిందట. దేవుడి దయ. నీ దయ మాత్రం కాదు. ‘అనుకూలంగా ఓటేశాను’ అని నువ్వే రాసుకున్నావు. నాతో ఏమన్నావు? చూస్తానన్నావా లేదా? చూడటమంటే ఇదేనా?”

“లొరెట్టా, నేను వ్యతిరేకంగా ఓటేశాను.”

“ఇదుగో, చదువుకో!” పత్రిక బల్ల మీద కొట్టింది. “నీ ఫొటో కూడా ఉంది!”

“అది...” గస్ లేచాడు, గొంతు సవరించుకున్నాడు. “అది మావాళ్ల...”

“కూర్చో గస్,” అంది డార్లీన్. అనాలని ముందే అనుకోలేదు. ఆయన నిలబడ్డ తీరు చూస్తే సిగ్గేసింది. “గస్ తప్పేం లేదు. నేనేం రాసి పంపానో అదే వేశాడు. ఓటు బుధవారం వేశాను, ఎర్ర బటనే నొక్కాను. సభ రికార్డులో ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. బిల్లు పోయింది నా ఒక్క ఓటుతోనే. పేపర్లో ఉన్నది నేను సోమవారం రాసింది. ఎప్పుడూ సోమవారమే రాస్తాను. మీకు బుధవారానికి అందాలి కదా, అందుకని. ఓటేసేది తర్వాతే.”

చెప్పేసింది. వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. “అయితే మన అంబులెన్స్‌ని కాపాడింది డార్లీనేనన్నమాట!” అన్నాడు బడి బస్సు నడిపే కారల్. ఇద్దరు ముగ్గురు నవ్వారు. గస్ కప్పు ఎత్తి తాగాడు. గట్టెక్కాననే అనుకుంది డార్లీన్.

లొరెట్టా నవ్వలేదు. ఏదో లెక్క తేలనట్టు కళ్లు చిట్లించింది.

“సోమవారం రాశావు.”

“అవును.”

“నేను ఫోన్ చేసింది మంగళవారం సాయంత్రం. అప్పటికి అచ్చు కూడా అయిపోయుంటుంది, అవునా గస్?”

గస్ తలూపాడు.

“ఇంకా ఏం తేల్చుకోలేదన్నావు నువ్వు. మేం చెప్పేది వినకుండా ఎలా ఓటేస్తానన్నావు. నేను థాంక్స్ కూడా చెప్పాను.” ఇప్పుడు లొరెట్టా గొంతులో కోపం లేదు, అదే డార్లీన్‌కు భరించలేనిదైంది. “నేను అట్లా చెప్పుకుపోతుంటే నువ్వేం చేస్తున్నావు?”

డార్లీన్ దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. నీ మాట వల్లే సభలో బిల్లంతా విన్నాను, నీ మాట వల్లే ఓటు మార్చాను, అని చెప్పొచ్చు. అది నిజమే. కానీ లొరెట్టా అడిగింది అది కాదు.

“ఆకులు కడుక్కుంటున్నాను,” అంది.

లొరెట్టా నెమ్మదిగా తలాడించింది. “నువ్వు చేసింది మంచిపనే డార్లీనూ. కాదనను. మా తొమ్మిదిమందీ నీకు ఋణపడి ఉంటాం.” పత్రిక మడిచి సంచిలో పెట్టుకుంది. “వచ్చేసారి ఏదైనా చెప్పుకోవాలంటే సోమవారం లోపే చెయ్యాలన్నమాట.”

ఎవరూ నవ్వలేదు. డార్లీన్ తల ఎత్తి చూసింది. తనవైపు ఎవరూ చూడటం లేదు. మందుల షాపు ఆవిడ పైకప్పు వంక చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్కపెడుతోంది. ఇద్దరు రైతులు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆరేళ్లలో ఆమెకు ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఫోన్ చేశారో, ఆ గదిలో అందరూ గుర్తుచేసుకుంటున్నారని ఆమెకు అర్థమైంది.

కారల్ భార్య వైపు వంగాడు. గొంతు తగ్గించాననే అనుకున్నాడు కానీ ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది.

“మార్జీ, బడి మూసెయ్యొద్దని పోయినేడు మనం సెనేటర్‌కి ఫోన్ చేసింది ఏ రోజే?”

“మంగళవారం,” అంది మార్జీ.