వసకొమ్ము

గోదావరికి ఆనకట్ట కట్టిన కొత్తలో, ముక్తేశ్వరం కామందుగారింట్లో పోలమ్మ పిల్లవాణ్ణి పెంచే దాది. ఏడాదిన్నరైనా నిండని ఆ బాబు అప్పుడే గలగలా మాట్లాడేస్తున్నాడు. అదే ఈడున్న పోలమ్మ కూతురు నూకాలు నోట ఒక్క మాటా రాలేదు. ఎక్కణ్ణించి వస్తుంది? తల్లి పనికెళ్ళేముందు పిల్ల ఏడవకుండా నాలిక్కి నల్లమందు రాసి, గుడిసెలో ఉయ్యాల్లో పడుకోబెట్టి పోతుంది. పనికి అడ్డం రాకూడదని ఆ నల్లమందు ఇచ్చేది కూడా కామందుగారి భార్య సుభద్రమ్మే!

ఓ ఉదయం, మాటలు బాగా రావాలని బాబు నాలిక మీద పోలమ్మ వస అరగదీసి రాస్తోంది. సుభద్రమ్మ మురిసిపోయింది.

"మా వంశంలో పిల్లలకి మాటలు తొందరగా వచ్చేస్తాయే. మీ వాళ్ళవన్నీ మొద్దు నాలికలు. పోనీ, ఓ వసకొమ్ము పట్టుకెళ్ళి నీ పిల్లకీ రాయి."

వస ఘాటుకి బాబు మొహం చిట్లించి, "ఓరి నాయనోయ్!" అన్నాడు. అచ్చం పోలమ్మలాగే.

పోలమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఆ మాట మీ వంశంలో ఎవరిదండీ అమ్మగారూ? పొద్దుటినించి దీపాలెట్టేదాకా ఈ బాబుతో మాటాడేది నేనండీ. నా పిల్లకి మిగిలేది నల్లమందేనండీ. మీ వసకొమ్ము మీరే ఉంచుకోండి. రేపట్నుంచి నూకాల్ని చంకనేసుకునే వస్తాను."

"ఇక్కడికా? అది ఏడిస్తేనో?"

"ఏడవనివ్వండి. దాని గొంతెలా ఉంటుందో నేనింకా సరిగ్గా వినలేదండీ."